బడి పిల్లలనూ ఊరి పెద్దలనూ ఒకే పనిలో కలపడం ఎలా?

ఐక్యరాజ్య సమితి 1990లో అక్టోబరు 1ని అంతర్జాతీయ వృద్ధుల దినోత్సవంగా ప్రకటించింది. ఆ రోజున మన బడుల్లో చాలాచోట్ల ఒక సభ జరుగుతుంది. ఊళ్ళోని పెద్దలను నలుగురైదుగురిని పిలిచి, వేదిక మీద కూర్చోబెట్టి, శాలువా కప్పి, పండ్లు చేతికిచ్చి, ఫొటో తీసి సాగనంపుతారు. గౌరవించాలన్న ఉద్దేశం మంచిదే కాని, ఆ గంటసేపట్లో పిల్లలకు పెద్దలతో మాట్లాడే అవకాశమే రాదు. పిల్లలకూ పెద్దలకూ నిజమైన పరిచయం కుదరాలంటే ఇద్దరి చేతికీ ఒకే పని ఇవ్వాలి. ఒక తరం తోడు లేకుండా రెండో తరం పూర్తి చేయలేని పని అయి ఉండాలి. అది అదే మనుషుల మధ్య వారం వారం సాగాలి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా కార్యక్రమం మళ్ళీ సభగా మారిపోతుంది.

ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఉన్న ఒక పల్లెను దృష్టిలో పెట్టుకుని ఈ పద్ధతి రాస్తున్నాను. మీరు ఉపాధ్యాయులు కావచ్చు, ఉద్యోగ విరమణ చేసినవారు కావచ్చు, మహిళా సంఘంలోనో యువజన సంఘంలోనో ఉన్నవారు కావచ్చు. జూన్ 12న బడి తెరిచినప్పుడు పని మొదలుపెడితే ఏప్రిల్ దాకా ఒక సంవత్సరం నడపవచ్చు.

అనుమతి, స్థలం, సమయం

ముందుగా ప్రధానోపాధ్యాయుల వద్దకు వెళ్ళండి. పిల్లల చదువు పాడవుతుందేమోనన్న సందేహం వారికి సహజంగానే వస్తుంది. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల మధ్య పిల్లలకు పది రోజుల పాటు పుస్తకాల సంచి లేని చదువు ఉండాలని, ఆ సమయంలో వారు స్థానికంగా పని తెలిసిన మనుషుల దగ్గర నేర్చుకోవాలని చెబుతోంది. మీ ప్రతిపాదనను ఆ మాటకు ముడిపెట్టి ఒక పేజీలో రాసి ఇవ్వండి. విద్యాహక్కు చట్టం ప్రకారం ఏర్పడిన పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉంటారు కాబట్టి, ఆ కమిటీ సమావేశంలో విషయం పెట్టి తీర్మానం రాయించుకోండి. పాల్గొనే ప్రతి విద్యార్థి ఇంటి నుంచీ సంతకంతో అనుమతి పత్రం తీసుకోండి. పదో తరగతి వారికి పబ్లిక్ పరీక్షల ఒత్తిడి ఉంటుంది కనుక 7, 8 తరగతులను ఎంచుకోవడం మేలు.

స్థలం గురించి నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. బడి ఆవరణ తప్ప మరో చోటు వద్దు. ఊరి పెద్ద ఇంటి అరుగు మీదో, ఏదో ఒక వీధి రచ్చబండ దగ్గరో, గుడి మండపంలోనో పెడితే ఊళ్ళో కొందరు రారు, కొందరు రాలేరు. అన్ని వాడల పిల్లలూ అడుగుపెట్టే చోటు బడి ఒక్కటే కాబట్టి అన్ని వాడల పెద్దలకూ అది సొంత చోటు కాగలదు. మంచినీళ్ళు ఒకే కుండలోంచి, టీ ఒకే రకం గ్లాసుల్లో, ఒకే వరుసలో అందాలి. ఈ విషయాన్ని తర్వాత చూసుకుందామని వదిలేస్తే అది ఎన్నటికీ సరికాదు. మొదటి రోజే స్థిరపరచండి.

సమయం ఉదయం తొమ్మిదిన్నర నుంచి పదకొండు వరకు బాగుంటుంది. మధ్యాహ్నం చాలామంది పెద్దలు నడుం వాలుస్తారు, సాయంత్రానికి కొందరికి చూపు ఆనదు. వారంలో ఒకే రోజును ఎంచుకుని మార్చకుండా ఉంచండి. ఆంధ్రప్రదేశ్‌లో నెల మొదటి రోజున పింఛను ఇంటికి తెచ్చి ఇస్తారు కనుక ఆ రోజు పెద్దలు ఇల్లు కదలరు. నాట్ల సమయంలో, కోతల సమయంలో ఇంట్లోని చిన్నపిల్లలను చూసుకునే బాధ్యత అమ్మమ్మలు, నానమ్మల మీదే పడుతుంది. ఆ వారాల్లో పసివాళ్ళను కూడా వెంట తీసుకురావచ్చని ముందే చెప్పండి.

చేతులున్న కుర్చీలు వేయండి. మోకాళ్ళ నొప్పి ఉన్నవారిని చాప మీద కూర్చోబెడితే వారు మళ్ళీ రారు. మరుగుదొడ్డి దగ్గర్లో ఉందా, అందులో నీళ్ళున్నాయా, గడప ఎత్తు ఎంత అన్నవి స్వయంగా చూసుకోండి. షుగరు ఉన్నవారు ఉంటారు కాబట్టి స్వీట్లు, బిస్కెట్లు కాకుండా మజ్జిగో, చక్కెర లేని రాగి జావో ఇవ్వండి. జలుబు, జ్వరం ఉన్న పిల్లలను ఆ వారం రావద్దనండి. పిల్లలకు మూడు రోజుల్లో తగ్గే జలుబు డెబ్బయ్యేళ్ళవారిని ఆసుపత్రి పాలు చేయగలదు.

ఎవరిని పిలవాలి, ఎలా పిలవాలి

రచ్చబండ దగ్గర కూర్చునే మగవాళ్ళు పిలిచిన వెంటనే వస్తారు. ఇల్లు దాటని ఒంటరి స్త్రీలు రారు. నిజానికి ఈ పని వారికే ఎక్కువ అవసరం. ఎవరి పిల్లలు వలస వెళ్ళారో, ఎవరు ఒక్కరే వండుకు తింటున్నారో ఆశా కార్యకర్తకు, అంగన్‌వాడీ టీచరుకు, మహిళా సంఘం లీడరుకు తెలుస్తుంది. వారి సాయంతో ఒక జాబితా తయారు చేసుకుని, ఇద్దరుగా కలిసి ప్రతి ఇంటికీ వెళ్ళండి.

"వృద్ధుల కార్యక్రమానికి రండి" అని పిలవవద్దు. ఆ పిలుపులో తమకు ఏ పనీ లేదని వారికి అర్థమవుతుంది. "పెద్దమ్మా, బడిలో చిక్కుడు పాదు పెడుతున్నాం, గింజ ఎంత లోతున వేయాలో పిల్లలకు తెలియదు, నువ్వు వచ్చి చూపించాలి" అని అడగండి. నేసేవారిని నేత గురించి, చేపలు పట్టినవారిని వల గురించి, మంత్రసానిగా చేసినవారిని బాలింత పథ్యం గురించి, కంసాలిని తూకం గురించి అడగండి. "నాకేం తెలుసు, చదువు రానిదాన్ని" అన్నది చాలామంది మొదటి జవాబు. అప్పుడు వాదించకండి. ఒక చిన్న పని పేరు చెప్పి, అది చూపించి వెళ్ళిపోవచ్చనండి. మొదటి వారం ఒంటరిగా రావడానికి జంకేవారిని పొరుగువారితో కలిపి పిలవండి.

జట్టుకు ఇద్దరు పెద్దలు, ఆరుగురు పిల్లలు ఉండేలా చూడండి. ఒక్కరే పెద్ద ఉంటే వారికి ఒంట్లో బాగాలేని రోజున పిల్లలకు పని ఉండదు. ఇద్దరుంటే ఒకరు మరచినది మరొకరు అందిస్తారు, ఒకరితో ఒకరు విభేదిస్తారు కూడా. ఆ విభేదం పిల్లలకు చాలా ఉపయోగం. నాలుగు జట్లతో మొదలుపెట్టడం చాలు. జట్టులో ఆడపిల్లలు, మగపిల్లలు, వేర్వేరు వీధులవారు కలిసి ఉండాలి. సంవత్సరం పొడవునా జట్లను మార్చకండి.

రెండు వైపులా ముందస్తు తయారీ

పిల్లలకు ఒక పిరియడ్ కేటాయించి కొన్ని అలవాట్లు సాధన చేయించండి. చెవి సరిగా వినపడనివారితో గట్టిగా అరవడం కంటే ఎదురుగా కూర్చుని, పెదవులు కనిపించేలా నెమ్మదిగా మాట్లాడటం మంచిది. ప్రశ్న అడిగాక జవాబు వచ్చేదాకా ఆగాలి, మధ్యలో మౌనం వస్తే మరో ప్రశ్న వేయకూడదు. "ఆ రోజుల్లో ఎలా ఉండేది?" అన్న ప్రశ్నకు "బాగుండేది" అన్న జవాబు తప్ప మరేదీ రాదు. "మీ ఇంట్లోకి కరెంటు దీపం వచ్చిన రోజు ఏం చేశారు?", "బిందె మోసుకుంటూ ఎంత దూరం వెళ్ళేవారు, దారిలో ఎక్కడ దించేవారు?" వంటి ప్రశ్నలకు కథ వస్తుంది. ప్రతి విద్యార్థి చేతా అలాంటి ప్రశ్నలు అయిదారు రాయించండి.

పెద్దలతోనూ విడిగా మాట్లాడాలి. చాలామంది నిర్వాహకులు ఈ భాగాన్ని మొహమాటంతో వదిలేస్తారు. బడి ఆవరణలో చుట్ట, బీడీ కాల్చకూడదని, ఏ పిల్లవాడినీ కులం అడగకూడదని, ఆడపిల్లల రంగు గురించి, పెళ్ళి గురించి వ్యాఖ్యలు చేయకూడదని, చనువుగానైనా చెయ్యి చేసుకోకూడదని మర్యాదగా, సూటిగా చెప్పండి. కారణం వివరిస్తే పెద్దలు అర్థం చేసుకుంటారు.

పిల్లల భద్రతకు కొన్ని నియమాలు ఉండాలి. అవి ఎవరినీ అనుమానించడానికి కాదు, అందరికీ సమానంగా వర్తిస్తాయి. ఏ విద్యార్థీ ఒక పెద్ద వ్యక్తితో మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. కార్యక్రమం పేరుతో పిల్లలు ఒక్కొక్కరే ఎవరింటికీ వెళ్ళకూడదు. ప్రతి సమావేశంలోనూ ఒక ఉపాధ్యాయుడో ఉపాధ్యాయినో కనుచూపు మేరలో ఉండాలి. పిల్లల సహాయ నంబరు 1098ని, వృద్ధుల సహాయ నంబరు 14567ని గోడ మీద పెద్ద అక్షరాలతో పక్కపక్కనే రాయించండి. ఇంట్లో ఆస్తి రాయించుకుని తిండి పెట్టని కొడుకు గురించి ఒక అవ్వ పిల్లలతో చెప్పుకోవచ్చు. అలాంటి మాట మీ దాకా రావాలని పిల్లలకు నేర్పండి, దాని భారం వాళ్ళ మీద ఉంచకండి.

తొలి వారాలు ఆటలతో

కొత్తవారి మధ్య మాటలు దొరకవు. చేతిలో ఆట ఉంటే మాటల అవసరం తగ్గుతుంది. అందుకే మొదటి మూడు నాలుగు వారాలు అష్టాచెమ్మా, వామనగుంటలు, పులి–మేక, అచ్చనగండ్లు వంటి ఆటలకు కేటాయించండి. ఈ ఆటల్లో పెద్దలదే పైచేయి అవుతుంది. చదువుకున్న పిల్లల ముందు తక్కువైపోతామేమోనన్న వారి భయం అక్కడే సగం తగ్గుతుంది.

నేల మీద సుద్దతో గీసే అలవాటున్నా, ఇక్కడ అట్ట మీదో చెక్క మీదో గీసి బల్లపై పెట్టండి. అష్టాచెమ్మాకు అయిదు గళ్ళు అడ్డంగా, అయిదు నిలువుగా గీస్తే చాలు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. గవ్వలు దొరకకపోతే చింతగింజలను ఒకవైపు అరగదీసి వాడండి. ఆ అరగదీయడం కూడా పెద్దలే నేర్పాలి. వామనగుంటల పీటకు వరుసకు ఏడు చొప్పున 14 గుంటలు ఉంటాయి. ఇంట్లో అటక మీద పాత పీట ఉన్నవారు తప్పక దొరుకుతారు. పులి–మేకలో చాలాచోట్ల 3 పులులు, 15 మేకలు ఉంటాయి. ఒక్కో వీధిలో ఒక్కో నియమం ఉంటుంది కాబట్టి ఏది సరైనదని తేల్చే ప్రయత్నం చేయకండి. ఎవరి నియమం ఏమిటో పిల్లల చేత రాయించండి, ఒక వారం ఒకరి పద్ధతిలో, మరో వారం మరొకరి పద్ధతిలో ఆడించండి. గణితం ఉపాధ్యాయులు ఉంటే నాలుగు గవ్వలు ఎన్ని విధాలుగా పడగలవో, అష్ట ఎందుకు అరుదో పిల్లల చేత లెక్క కట్టించవచ్చు.

బడి తోట

సంవత్సరం మొత్తానికి ఆధారంగా ఒకే పనిని ఎంచుకోమంటే నేను తోటనే ఎంచుకుంటాను. అందులో రోజువారీ శ్రమ పిల్లలది, నిర్ణయం పెద్దలది. ఎవరి పాత్రా నామమాత్రం కాదు. పైగా తోట ఎవరికోసమూ ఆగదు. నీళ్ళు పెట్టాలి, కలుపు తీయాలి కనుక వారం తప్పకుండా కలవక తప్పదు.

మధ్యాహ్న భోజనం తర్వాత పిల్లలు చేతులు, పళ్ళేలు కడుక్కునే నీరు పారే చోటును ఎంచుకుంటే నీటి సమస్య చాలావరకు తీరుతుంది. జూన్ చివర్లో వానలు పడ్డాక నేల గుల్ల చేసి, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి మడులు కట్టండి. మొదట తోటకూర చల్లండి. నెల తిరగకముందే కోతకు వస్తుంది. తొలి ఫలితం త్వరగా కళ్ళబడితే పిల్లలకు ఆసక్తి నిలుస్తుంది. ఆ వెనుక గోంగూర, బెండ, సొర, బీర, పందిరి చిక్కుడు పెట్టవచ్చు. విత్తనాలను దుకాణంలో కొనకుండా పెద్దల ఇళ్ళ నుంచి అడిగి తెప్పించండి. వాటిని బూడిదలో కలిపి దాచినవారు, ఎండు వేపాకు వేసి కుండలో పెట్టినవారు, సొరబుర్రలో పోసి చూరుకు కట్టినవారు ఇంకా ఉన్నారు. ఏ గింజ ఎవరింటిదో పొట్లం మీద పేరు రాయాలి.

పందిరి చిక్కుడు ఒక్కటే ఒక పాఠానికి సరిపోతుంది. నాటు రకాలను ఆషాఢంలో పెట్టినా, శ్రావణంలో పెట్టినా పూత చలికాలంలోనే వస్తుందని పెద్దలు అనుభవంతో చెబుతారు. పగటి పొద్దు కురచ అయినప్పుడే అవి పూస్తాయన్నది శాస్త్రం ఇచ్చే వివరణ. పెద్దలు ముందుగా తమ మాట చెప్పాక, విజ్ఞానశాస్త్రం ఉపాధ్యాయులు దానికి కారణం వివరిస్తే ఆ రెండింటికీ పొత్తు కుదురుతుంది. వరుస తిరగబడితే పెద్దలు మౌనంగా ఉండిపోతారు.

తోట విషయంలో మీరు పాటించాల్సిన నిగ్రహం ఒకటుంది. పాదు ఇక్కడ వద్దు, అక్కడ పెట్టమని జట్టులోని పెద్దలు చెబితే అక్కడే పెట్టండి. మీ పథకం పాడైనా సరే. వారి మాట చెల్లుబాటు కాదని ఒకసారి తెలిస్తే తర్వాత సలహా ఇవ్వరు, కుర్చీలో కూర్చుని చూస్తారు. కోసిన కూర మధ్యాహ్న భోజనంలోకి వెళ్ళాలి. ఆ రోజు ఆ జట్టు పెద్దలు పిల్లలతో కలిసి బంతిలో కూర్చుని తినే ఏర్పాటు వంట చేసేవారితో మాట్లాడి చేయండి. కొన్ని కాయలను మాత్రం తెంపకుండా పాదు మీదే ఎండనిచ్చి మరుసటి ఏటికి విత్తనం కట్టండి.

ఊరి జ్ఞాపకాలను నమోదు చేయడం

దసరా సెలవుల తర్వాత, పరిచయం బాగా కుదిరాక దీన్ని మొదలుపెట్టండి. జీవిత చరిత్రలు అడగకుండా, ఊరికి ఈరోజు కూడా పనికొచ్చే ఒక విషయాన్ని తీసుకోండి. గోదావరి ఒడ్డున భద్రాచలం ప్రాంతంలో అయితే వరద. అక్కడ 1986 ఆగస్టులో నీటి మట్టం 75.6 అడుగులకు చేరింది. 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చింది. మొదటిదాన్ని పెద్దలు చూశారు, రెండోదాన్ని పిల్లలు చూశారు. రెండు వరదల్లోనూ నీరు ఏ వీధి దాకా వచ్చింది, ఏ మెరక మునగలేదు, పశువులను ఎటు తోలారు అన్నది ఇద్దరూ కలిసి నడుస్తూ గుర్తించి పటం గీస్తే అది ఊరికి పనికొచ్చే పత్రం అవుతుంది. కృష్ణా డెల్టాలోని దివిసీమలో 1977 నవంబరు 19 ఉప్పెన, కోనసీమలో 1996 నవంబరు తుపాను అలాంటివే. వానలు తక్కువ పడే అనంతపురం, మహబూబ్‌నగర్ వైపు ఊళ్ళలో చెరువు, దాని తూములు, అలుగు, పూడిపోయిన కాలువలు, ఏ బావి ఏ ఏడు ఎండిందన్న వివరాలు తీసుకోవచ్చు.

దివిసీమ వంటి చోట అడిగేటప్పుడు జాగ్రత్త అవసరం. అక్కడ ఉప్పెనలో తల్లిదండ్రులను, తోబుట్టువులను పోగొట్టుకున్నవారు ఇంకా ఉన్నారు. చెప్పాలనుకున్నవారే చెప్పాలి, ఎక్కడ ఆపాలనుకుంటే అక్కడ ఆపాలి. ఆ మాట రికార్డింగుకు ముందే స్పష్టంగా చెప్పండి. ఫోనులో గొంతు రికార్డు చేయడానికి అనుమతి అడగడం, పేరు రాయవచ్చో లేదో తెలుసుకోవడం పిల్లల బాధ్యత కావాలి. పెద్దలు సంవత్సరం సంఖ్య చెప్పరు. "మా పెద్దమ్మాయి పుట్టిన ఏడు", "పెద్ద గాలివాన వచ్చిన ఏడు" అంటారు. ఆ గుర్తులను తెలిసిన తేదీలతో సరిచూసి వరుస కట్టడం సాంఘికశాస్త్రంలో మంచి సాధన. వాడిన మాటను వాడినట్టే రాయమనండి. యాసను పుస్తక భాషలోకి దిద్దితే చెప్పినవారు అందులో ఉండరు. రాసినది పూర్తయ్యాక చదవడం రానివారికి బిగ్గరగా చదివి వినిపించి, సవరణలు అడిగి, ఆ తర్వాతే గోడ మీద పెట్టాలి. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో ఊరి గ్రంథాలయంలో ఆ ప్రతులను ఉంచడానికి గ్రంథాలయాధికారిని అడగండి.

పిల్లలు నేర్పే వంతు

ఎప్పుడూ ఒకరే ఇచ్చేవారు, మరొకరే పుచ్చుకునేవారు అయితే బంధం నిలవదు. అందుకని ఫోను వాడకం పిల్లల చేత నేర్పించండి. అక్షరాలు పెద్దవి చేయడం, చదవడం రానివారికి ప్రతి నంబరు పక్కన ఆ మనిషి ఫొటో పెట్టడం, దూరాన ఉన్న మనుమలకు వీడియో కాల్ చేయడం, అంబులెన్సుకు 108, అత్యవసర సాయానికి 112 నొక్కడం వంటివి మొదట చూపించాలి. ఒక నియమం తప్పనిసరి: ఫోను పెద్దల చేతిలోనే ఉండాలి, నొక్కే వేలు వారిదే కావాలి. పిల్లలు లాక్కుని చేసి ఇచ్చేస్తే పని జరుగుతుంది కాని నేర్చుకోవడం జరగదు. పిన్ను గాని, ఓటీపీ గాని పిల్లలకు చెప్పకూడదని, పిల్లలు అడగకూడదని ఇద్దరికీ చెప్పండి. డబ్బు పోయిందన్న అనుమానం వస్తే వెంటనే సైబర్ నేరాల సహాయ నంబరు 1930కు ఫోను చేయాలని కంఠతా పట్టించండి. ప్రభుత్వ ఉద్యోగం చేసి విరమించినవారు పింఛను కోసం తాము బతికి ఉన్నట్టు ఏటా ఇవ్వాల్సిన జీవన్ ప్రమాణ్ పత్రాన్ని ఇప్పుడు ముఖ గుర్తింపుతో ఫోనులోనే ఇవ్వవచ్చు. అది మాత్రం ఉపాధ్యాయుల సమక్షంలో చేయించండి.

ఎదురయ్యే ఇబ్బందులు

వరుసగా రెండు వారాలు రాని పెద్దల ఇంటికి మూడో వారం జట్టు పిల్లలతో కలిసి మీరే వెళ్ళండి. కోడలికి ఇష్టం లేకపోవడం, కళ్ళజోడు విరగడం, చెప్పులు తెగిపోవడం వంటి చిన్న కారణాలే ఎక్కువగా ఉంటాయి. మతిమరుపు వల్ల చెప్పిన కథే మళ్ళీ చెప్పేవారుంటే "ఇది చెప్పేశారు" అనవద్దని, ఈసారి కొత్తగా ఏ వివరం వచ్చిందో గమనించమని పిల్లలకు చెప్పండి. ఎవరైనా పిల్లల ముందు ఒక కులాన్నో మతాన్నో కించపరిస్తే వయసును చూసి ఊరుకోకండి. ఆ క్షణమే ఆపండి, తర్వాత విడిగా కారణం చెప్పండి. మీ మౌనాన్ని ఆ జట్టులోని ఒక బిడ్డ జీవితాంతం గుర్తుపెట్టుకుంటుంది.

సంవత్సరంలో ఒకరు మంచం పట్టవచ్చు, కాలం చేయవచ్చు. పిల్లల దగ్గర దాచకండి, మెత్తని అబద్ధాలు చెప్పకండి. ఇంటివారు, తల్లిదండ్రులు ఒప్పుకుంటే జట్టంతా కలిసి చూసి రావచ్చు. ఆ కుటుంబానికి పిల్లలు నమోదు చేసిన గొంతు ప్రతిని ఇవ్వండి. ఆ జట్టుకు వెంటనే మరొకరిని చేర్చకుండా కొన్ని వారాలు ఆగండి.

పట్టణాల్లో ఈ పద్ధతి కొద్ది మార్పులతో పనిచేస్తుంది. హైదరాబాదు, విజయవాడ అపార్టుమెంట్లలో పిల్లలు విదేశాల్లో ఉన్న దంపతులు ఎందరో ఉన్నారు. మిద్దె తోట, మెట్ల కింద గ్రంథాలయం వారికి సరిపోయే పనులు. వృద్ధాశ్రమాలకు వెళ్ళదలిస్తే పుట్టినరోజు భోజనాల జాబితాలో చేరకుండా, నెలకు రెండుసార్లు అదే పిల్లలను తీసుకువెళ్ళండి. ఫొటోలు తీయకండి.

ఏప్రిల్ నుంచి జూన్ వరకు

ఒక నోటు పుస్తకంలో ప్రతివారం ఎవరు వచ్చారు, ఏం చేశారు, ఎవరు ఏం అడిగారు అన్నది పిల్లల చేతే రాయించి ఉంటే ఏప్రిల్‌లో లోటుపాట్లు తేలిగ్గా తెలుస్తాయి. పిల్లలు, పెద్దలు కార్యక్రమం లేని రోజున కూడా వీధిలో ఆగి పలకరించుకుంటున్నారా అన్నది పెద్దలనే అడిగి చూడండి. లేదంటే మరుసటి ఏడు జట్లను ఇంకా చిన్నవి చేయండి.

సెలవుల ముందు ఎండిన చిక్కుడు కాయలు ఒలిపించి, విత్తనాలను పెద్దల పద్ధతిలోనే దాయించండి. మే నెల వడగాడ్పుల్లో ఒంటరిగా ఉండే పెద్దలను అదే వీధిలోని పిల్లలు ఇద్దరుగా కలిసి, ఇంట్లో చెప్పి, ఉదయం పూట గుమ్మం దగ్గర నుంచి పలకరించి రావాలని ఒప్పందం చేసుకోండి. మనిషి మాట తడబడుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా వెంటనే ఇంటి పెద్దలకు చెప్పి 108కు ఫోను చేయించాలి. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలో ఎనిమిదిలోంచి తొమ్మిదికి వెళ్ళిన పిల్లలు, కొత్తగా ఏడులోకి వచ్చినవారిని వెంటబెట్టుకుని పెద్దల ఇళ్ళకు వెళ్ళాలి. ఈ ఏడు రాలేమన్నవారిని బలవంతం చేయకండి. వస్తామన్నవారికి రోజు, సమయం, జట్టు చెప్పి పుస్తకంలో రాసుకోండి.